సంబంధం ఉన్నవారి పట్టిక

రివ్యూల కాలం వచ్చిందంటే మాస్టారింట్లో డైనింగ్ టేబుల్ మీద భోజనం చేసే యోగం ఎవరికీ ఉండదు. ఒక చివర ఆరు పేపర్లు, ఇంకో చివర రెండు కళ్ళజోళ్ళు, మధ్యలో ఎప్పుడో చల్లారిపోయిన కాఫీ. మాస్టారూ ఆయన అత్తగారూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని తింటారు. ఎనభై దాటిన మనిషికి అది ఇబ్బందే, అయినా అత్తగారు నోరెత్తరు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో చదువులు టేబుల్ మీద ఉంటాయి, మనుషులు పక్కన సర్దుకుంటారు.

మాస్టారు యూనివర్సిటీలో చెప్పేది బస్సుల గురించి. బస్సు ఎందుకు ఆలస్యమవుతుంది, అరగంట జాడలేని బస్సు తీరా వచ్చేటప్పుడు రెండు జంటగా ఎందుకు వస్తాయి, స్టాపులో మనిషి ఎంతసేపు నిలబడతాడు, ఇవన్నీ ఆయన లెక్కలు. నవ్వకండి, దీని మీద ఏటా ఒక కాన్ఫరెన్స్ జరుగుతుంది, నాలుగైదు వందల మంది పరిశోధన పేపర్లు పంపుతారు. పంపిన ప్రతి పేపరూ కమిటీలో ముగ్గురి చేతిలో పడుతుంది, చదివి వాళ్ళు రాసే మంచిచెడ్డలే రివ్యూ. రాసిందెవరో ఆ ముగ్గురికీ తెలియదు. చదివిన ముగ్గురెవరో రాసినవాళ్ళకు తెలియదు. ముఖాలు చూసుకుంటే మొహమాటాలు వస్తాయని ఈ ఏర్పాటు. నిజానికి ఆ చిన్న లోకంలో అందరూ అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండడమే అక్కడి మర్యాద.

మాస్టారి భార్యని అందరూ మేడమ్ అంటారు. మాస్టారితో పాటు ఆవిడా ఆ కమిటీలోనే ఉన్నారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. రివ్యూలు మాత్రం గడువుకి ఒకరోజు ముందే పంపుతున్నారు.

అది ఇలా మొదలైంది. ఆవిడ ఆస్పత్రిలో కన్నుమూసేనాటికి చేతిలో ఇంకా రెండు పేపర్లు మిగిలి ఉన్నాయి. మూడోరోజున ఆ రెండింటి రివ్యూలూ వచ్చేశాయి. అప్పటి చైర్మన్ కళ్ళజోడు తుడుచుకుని చదివి, రెండూ శుభ్రంగా ఉన్నాయని ఫైల్లో చేర్చుకున్నాడు. మరుసటేడు కమిటీలోకి రమ్మని అందరితో పాటు ఆవిడకీ మెయిల్ వెళ్ళింది, ఒప్పుకుంటున్నట్టు మర్నాటికల్లా జవాబు వచ్చింది. ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. బతికున్నవాళ్ళ దగ్గర ఒక రివ్యూ రాబట్టాలంటే ఐదు రిమైండర్లు, రెండు ఫోన్లు, చివర్లో కాస్త కాళ్ళబేరం కావాలి. అడక్కుండా ఇచ్చే మనిషిని ఎవరు వదులుకుంటారు?

ఇప్పుడు ఆ కాన్ఫరెన్స్‌కి చైర్ గడువమ్మ. అది విద్యార్థులు పెట్టిన పేరు. గడువు దాటి ఒక్క నిమిషం తర్వాత వస్తే సొంత తమ్ముడి పేపరైనా తీసుకోదని ఆ పేరు స్థిరపడిపోయింది. మేడమ్ దగ్గరే పీహెచ్‌డీ చేసింది. అంత నిక్కచ్చి మనిషీ ఏటా ఒక చిన్న దొంగపని చేస్తుంది. ఏదో ఒక పేపరు మాస్టారికీ మేడమ్‌కీ కలిపి పడేలా చూస్తుంది. ఒకే పేపర్ చదివిన ముగ్గురూ చివర్లో ఒక పేజీలో చర్చించుకోవాలి, అక్కడ వాళ్ళ పేర్లు ఒకరివొకరికి కనిపిస్తాయి. ఏడాదికి ఆ నాలుగైదు మాటలే మాస్టారికి మిగిలిన కాపురం.

మొదటి ఏడు ఆయన ఆగలేక చర్చ చివర "ఎలా ఉన్నావు?" అని రాశారు. గంటలో జవాబు వచ్చింది. "చర్చ పేపర్ గురించి మాత్రమే ఉండాలని మొదటి రివ్యూయర్‌కి మనవి." ఆయన ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నారో లెక్కలేదు.

"అమ్మాయి ఏమైనా రాసిందా బాబూ?" అని అత్తగారు ఏటా అడుగుతారు. రివ్యూలు బయటివాళ్ళకి చూపించకూడదు. మాస్టారు పేపర్ సంగతి తెలియకుండా ఒక్క వాక్యం ఏరి వినిపిస్తారు. "రెండో పట్టికలో అంకెలు మొదటి పట్టికతో సరిపోవడం లేదు" అని చదివితే అత్తగారి ముఖం వెలిగిపోతుంది. "చిన్నప్పట్నుంచీ అంతే. పక్కింటివాళ్ళ క్యాలెండర్లో కూడా తప్పులు పట్టేది" అంటారు. ఆ రోజు ఆవిడ ఒక ముద్ద ఎక్కువ తింటారు.

మాస్టారిని తొలిచేసే సంగతి వేరే ఉంది. పేరు ఎదురుగా కనిపిస్తున్నా మేడమ్ ఆయన్ని మొదటి రివ్యూయర్ అనో, మూడో రివ్యూయర్ అనో తప్ప ఇంకోలా పిలవలేదు. నేనెవరో తెలిసే అలా రాస్తోందా, అసలు తెలియదా అన్నది ఆయన ప్రశ్న. తెలిసి మర్యాద పాటిస్తోందంటే బతకగలరు. తెలియదంటే ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళు ఏమైనట్టు?

పైగా ఈ ఏడు ఆయన ఒక పేపర్ పూర్తి చేశారు. మేడమ్ పోయే ముందు ఇద్దరూ కలిసి మొదలుపెట్టి సగంలో ఆపిన లెక్క అది. మిగతా సగం ఒక్కరే కూర్చుని చేశారు. మేడమ్ పెన్సిలు పడని కాగితం ఆయన చేతి నుంచి ఎన్నడూ బయటికి పోలేదు. ఇప్పుడు ఆ లెక్క తప్పో ఒప్పో ఆయనకే తెలియడం లేదు, బాగుందని ఇంకెవరు చెప్పినా నమ్మబుద్ధి కావడం లేదు. తను ఒక్కసారి చదవాలి. చదివి, ఇది ఎవరి రాతో గుర్తుపట్టాలి. ఆయనకి ఇంకో కోరిక లేదు.

దానికి ఒక ఫారం అడ్డొచ్చింది. పేపర్ పంపేటప్పుడు ‘సంబంధం ఉన్నవారి పట్టిక’ అని ఒకటి నింపాలి. అందులో కమిటీ వాళ్ళ పేర్లన్నీ ఉంటాయి. ఎవరితో సంబంధం ఉందో వాళ్ళ పక్కన టిక్ పెట్టాలి, టిక్ పడ్డ మనిషి చేతికి మన పేపర్ వెళ్ళదు. ఒకే చోట పనిచేస్తుంటే సంబంధం. కలిసి పేపర్ రాసినా సంబంధమే, కాకపోతే మూడేళ్ళు, ఆ తర్వాత ఏమీ కానట్టే. భార్యాభర్తలైతే జీవితాంతం. ఎవరి జీవితాంతం అన్నది ఫారంలో రాయలేదు.

మాస్టారు ఉదయాన్నే గడువమ్మ గదికి వెళ్ళారు. ఆమె ఫోన్లో ఎవరినో కమిటీలోకి రమ్మని బతిమాలుతోంది. ఫోన్ పెట్టేసి కుర్చీ చూపించింది.

"మేడమ్ పేరు పక్కన టిక్ పెట్టాలా అమ్మాయ్?"

ఆమెకి వెంటనే అర్థమైంది. "కలిసి చివరి పేపర్ రాసి ఎన్నాళ్ళయింది మాస్టారూ?"

"నాలుగేళ్ళ పైన."

"అయితే అది పోయింది. ఉద్యోగం ఒకే చోటా అంటే, మేడమ్ ఇప్పుడు స్టాఫ్‌లో లేరు. మిగిలింది మీరే చెప్పాలి. పోయినవాళ్ళ గురించి రూల్స్‌లో ఏమీ లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి."

"నా భార్య అని నీకు తెలుసుగా."

"నాకు తెలియడం వేరు, సిస్టమ్‌కి తెలియడం వేరు. మీరు టిక్ పెట్టకపోతే నాకేమీ కనపడదు." గడువమ్మ కాస్త ఆగింది. "ఒకటి మాత్రం చెప్తాను. రాసిందెవరో రివ్యూయర్‌కి తెలిసిపోతే పేపర్ తిప్పి పంపాలి, అది రూలు. మేడమ్ సంగతి మీకు నేను చెప్పాలా. నా థీసిస్‌లో ఒక్క కామా కోసం నన్ను నెలరోజులు తిప్పారు."

మాస్టారు మెట్లు దిగుతూ ఆలోచించారు. చదివి రివ్యూ రాసిందంటే తనెవరో తెలియనట్టు. తెలిస్తే చదవకుండా తిప్పి పంపినట్టు. రెండూ దక్కే దారి లేదు. అయినా ఆశకి లెక్కలు రావు, వచ్చినా చేయదు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. ఆయన దాచకుండా చెప్పారు.

"సంబంధం లేదని రాస్తావా?"

"రాయడం కాదత్తయ్యా. టిక్ పెట్టకుండా వదిలేయడం."

"మరి నేను నీకేమవుతాను?"

అత్తగారు ఒక తువ్వాలు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టారు. "సరేలే. అమ్మాయి చదువుతుందంటే వదిలెయ్యి. కాయితానికి ఏం తెలుసు" అన్నారు.

పేరు కనపడకుండా పేపర్ సిద్ధం చేయడం ఇంకో శిక్ష. ‘మేము లోగడ చూపినట్టు’ అని ఉన్నచోటల్లా ‘లోగడ ఇద్దరు రచయితలు చూపినట్టు’ అని మార్చాలి. పదమూడు చోట్ల మార్చారు. తామిద్దరూ ఎవరో పరాయివాళ్ళై ఆ కాగితం మీద దూరంగా నిలబడ్డట్టు అనిపించింది. ఒకచోట ‘వారి పని బాగుంది గాని సగంలో ఆగిపోయింది’ అని రాయాల్సి వచ్చింది, ఎందుకంటే అది నిజం. ఫారంలో మేడమ్ పేరు దగ్గర చాలాసేపు ఆగి, టిక్ పెట్టకుండానే కిందికి దిగి, పంపు అని ఉన్నచోట నొక్కారు. తప్పు చేస్తున్నానని తెలిసే చేశారు.

తర్వాత రివ్యూయర్లు పేపర్ల సారాంశాలు చూసి ఏది చదవాలనుందో చెప్పుకునే వారం వచ్చింది. మేడమ్ ఎప్పుడూ పది పన్నెండు కోరుకునేవారు. ఈసారి ఒక్కదాని పక్కనే ‘తప్పక’ అని పెట్టారు. గడువమ్మ ఆ గడిని కాసేపు చూసి, ఆ పేపర్ ఆవిడకే వేసింది. మాస్టారికి చెప్పలేదు. ఈ ఏడు ఎప్పటిలా ఇద్దరికీ కలిపి ఒక పేపర్ వేయడం బాగుండదని మాత్రం చెప్పింది.

ఏడు వారాలు గడిచాయి. పేపర్ తిరిగి రాలేదు. తిరిగి రాని ప్రతిరోజూ మాస్టారికి గుండె సగం నిండేది, సగం జారేది.

రివ్యూలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. మొదటాయన నాలుగు వాక్యాలు మెచ్చుకుని, బొమ్మల్లో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని విసుక్కున్నాడు. మూడో ఆయన ఐదు పేపర్ల పేర్లిచ్చి వాటిని ప్రస్తావించకపోవడం పెద్ద లోపమన్నాడు, ఆ ఐదూ ఒక్కడే రాసినవి, ఆ ఒక్కడూ ఎవరో చెప్పనక్కర్లేదు. రెండో రివ్యూ మూడు పేజీలుంది. మొదటి వాక్యం చూడగానే మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"ఈ పేపర్‌లో ‘స్పష్టంగా’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ దాని తర్వాత ఉన్నది స్పష్టంగా లేదు."

ముప్పై ఏళ్ళు ఈ మాట పడ్డారాయన. చదువుతూనే నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళు మసకబారాయి. మూడో పేజీలో సూత్రం సరిగ్గా ఉందట. నాలుగో బొమ్మ తలకిందులుగా ఉందట. తర్వాత అసలు సంగతి రాశారు మేడమ్. ఆ భాగం మాస్టారు అత్తగారికి కూడా చదివి వినిపించారు. ఇది ఆయన సొంత పేపరు, వినిపిస్తే తప్పు లేదు.

"రెండో భాగంలో, స్టాపులో నిలబడ్డ మనిషి బస్సు వచ్చేదాకా కదలడని రచయిత అనుకున్నారు. ఎందుకో చెప్పలేదు. అలా అనుకుంటే లెక్క సులువవుతుంది, కాని ఆ మనిషికి అన్యాయం జరుగుతుంది. బస్సు రద్దయి ఉండవచ్చు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. అతన్ని నడవనివ్వండి. నడిస్తే మిగిలిన దూరం రచయిత భయపడినంత లేదు, నేను లెక్క వేసి చూశాను. ఈ ఒక్కటి దిద్దితే ఇది మంచి పేపర్. దిద్దకపోతే వద్దు."

"నిన్ను గుర్తుపట్టింది" అన్నారు అత్తగారు.

"గుర్తుపడితే తిప్పి పంపేసేదత్తయ్యా. తను రూలు తప్పదు."

"నాకు రూళ్ళు తెలియవు బాబూ. అమ్మాయి తెలుసు."

మాస్టారికి ఆ మాట నమ్మాలని ఉంది. కాని ఎదురుగా మూడు పేజీలున్నాయి, అంటే తను చదివింది, అంటే తెలియలేదు. ఇన్నేళ్ళ సహవాసం తర్వాత తన రాత ఆవిడకి పరాయివాడి రాతలా అనిపించిందన్నమాట.

రివ్యూలకి జవాబివ్వడానికి రచయితకి ఒక పేజీ ఇస్తారు. పేరు బయటపడే ఒక్క మాట దొర్లినా పేపర్ తీసి అవతల పడేస్తారు. మాస్టారు ఆ పేజీని నాలుగు రోజులు రాశారు. నేనే అని రాశారు, కొట్టేశారు. నీ నీలం శాలువా ఇంకా కుర్చీ మీదే ఉంది అని రాశారు, కొట్టేశారు. అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో బాధపడుతోంది అని రాసి, అది బస్సులకి సంబంధించింది కాదని తీసేశారు. చివరికి పంపింది ఇంతే.

"రెండో రివ్యూయర్‌కి: మీరన్నది నిజం. ఆ మనిషి వెళ్ళిపోవచ్చని నాకు తట్టక కాదు. వెళ్ళిపోతే స్టాపు ఖాళీ అయిపోతుందని వెళ్ళనివ్వలేదు. దిద్దుతాను. ఇంత శ్రద్ధగా చదివినందుకు కృతజ్ఞతలు."

మర్నాడు రెండో రివ్యూ పక్కన ఒక గుర్తు కనిపించింది. ‘రచయిత జవాబు చదివాను.’ ఫారంలో ముందే అచ్చువేసి ఉన్న మాట అది, రివ్యూయర్ చేయాల్సింది టిక్ పెట్టడమే. మాస్టారు ఆ రోజంతా ఆ టిక్ ముందు కూర్చున్నారు.

ఫలితాలు ప్రకటించడానికి రెండు రోజుల ముందు గడువమ్మ ఇంటికొచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆ వేళప్పుడు ఆమె ఆఫీసు వదిలి రావడం ఎవరూ ఎరగరు. అత్తగారు తలుపు తీసి మంచినీళ్ళిచ్చారు. గడువమ్మ తాగలేదు, గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చుంది.

"రివ్యూ ఫారంలో చైర్‌కి మాత్రమే అని ఒక గడి ఉంటుంది మాస్టారూ. అందులో ఏం రాసినా రచయితకి చూపించకూడదు. ఈ కమిటీలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను, కాగితం మీదున్న ఒక్క రూలూ తప్పలేదు. ఇవాళ తప్పుతాను." ఫోన్ తీసింది. "మీ జవాబు చదివిన రోజున మేడమ్ ఇది రాశారు."

మాస్టారు ఫోన్ అందుకున్నారు గాని అక్షరాలు కుదురుగా నిలబడలేదు. తిరిగి ఇచ్చేశారు. గడువమ్మే పైకి చదివింది.

"చైర్‌కి మాత్రమే. ఈ పేపర్ ఎవరిదో మొదటి పేజీలోనే తెలిసింది. అప్పుడే తిప్పి పంపాలి. పంపలేదు. చదవాలనిపించింది. రూలు తప్పిన మనిషి కమిటీలో ఉండకూడదు, నా పేరు తీసెయ్యండి. రివ్యూలో రాసినదంతా పేపర్ గురించే. స్కోరు మార్చనక్కర్లేదు."

మాస్టారు ముందు నవ్వారు. "మొదటి పేజీలోనే" అన్నారు, పిల్లవాడిలా. నవ్వు పూర్తికాకముందే చివరి మాటలు ఆయన చెవికెక్కాయి.

"తీసేశావా పేరు?"

"తియ్యలేదు. మళ్ళీ రమ్మని నాలుగుసార్లు మెయిల్ పంపాను మాస్టారూ. అలాంటి చిరునామా లేదని వెనక్కి వస్తోంది."

"నా వల్లే" అన్నారాయన. "ఆ టిక్ పెట్టి ఉంటే ఏడాదికి ఒక్క పేపరైనా ఉండేది. నేనే తనని పంపేశాను. సంబంధం లేదన్నాను, వెళ్ళిపోయింది."

అత్తగారు గోడ పట్టుకుని లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. "అది వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది బాబూ. నీకే ఇవాళ తెలిసింది" అన్నారు.

మాస్టారు ఏడ్చారు. భార్య పోయిన రోజున రాని ఏడుపు అది. అప్పుడు రెండు రివ్యూలు మిగిలి ఉన్నాయని ఎవరికో ఫోన్ చేస్తూ ఉండిపోయారు, తర్వాత ఆవిడ రాస్తూ ఉండగా ఏడవడానికి కారణం కనపడలేదు. ఇప్పుడు అత్తగారి భుజం మీద తలపెట్టి, శిష్యురాలి ఎదుట సిగ్గుపడకుండా, వెక్కి వెక్కి ఏడ్చారు. గడువమ్మ గ్లాసు కింద పెట్టి కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలూ కదులుతున్నాయి.

చాలాసేపటికి ఆయన ముఖం కడుక్కుని వచ్చారు.

"మీ పేపర్ ఏం చెయ్యమంటారు మాస్టారూ? మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. నేను సరే అని రాయగలను."

"వద్దమ్మా, వెనక్కి తీసుకుంటాను. రెండో భాగం మొత్తం మళ్ళీ రాయాలి. అతన్ని నడిపించాలి."

"వచ్చే ఏడు పంపుతారా మరి?"

"పంపుతాను. ఎవరు చదువుతారో."

"ఎవరైనా కావచ్చు. తెలియనివాళ్ళు."

"తెలియనివాళ్ళే చదవాలి" అన్నారు మాస్టారు.

గడువమ్మ వెళ్ళడానికి లేచింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆ కాయితంలో ఇందాక చదివావే, చదవాలనిపించింది అని. ఆ ముక్క ఒక్కటీ మళ్ళీ చదువమ్మా."

గడువమ్మ మళ్ళీ కూర్చుని, ఫోన్ తెరిచి, ఆ ఒక్క మాట చదివింది. అత్తగారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఇంకోసారి" అన్నారు. ఆమె ఇంకోసారి చదివింది.